బోడుప్పల్‌లో ఆరు పోర్షన్ల ఇల్లు, కిరాయి 57 వేలు అంటున్నారు: కొనొచ్చా?

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీరు మియాపూర్‌లో ఉంటారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతిలో 80 లక్షలున్నాయి, ఇంకో కోటి లోన్ తీసుకుందామనుకుంటున్నారు. బోడుప్పల్‌లో 150 గజాల్లో 2011లో కట్టిన జీ ప్లస్ టూ ఇల్లు చూశారు. ఫ్లోరుకు రెండు చొప్పున ఆరు సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లు, పైన రేకుల పెంట్‌హౌస్ ఒకటి. ధర కోటీ 60 లక్షలు. నెలకు 57 వేలు కిరాయి వస్తోందని ఓనర్ చెప్పాడు. అటువైపే 68 లక్షలకు ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కూడా చూశారు, దానికి 20 వేలు వస్తుందట. ఇంటి మీద ఏడాదికి 4.3 శాతం, ఫ్లాటు మీద 3.5 శాతం, కాబట్టి ఇల్లే మేలు కదా అని అడిగారు.

కూడికలు, భాగహారాలు సరిగ్గానే చేశారు. కానీ ఆ 57 వేలు అనే అంకె అమ్మేవాడిది. ఇల్లు మీ చేతికొచ్చాక కూడా నిలబడే కిరాయి ఎంత, అందులో మీకు మిగిలేది ఎంత అన్నది మీరే తేల్చుకోవాలి. నేను మొదట అది తేల్చుకోకుండానే కొన్నాను. 2006లో మల్కాజిగిరిలో నాలుగు పోర్షన్ల ఇల్లు. అన్నీ నిండుగా ఉన్నాయి, కిరాయి బాగుంది, సంతకం పెట్టేశాను. రిజిస్ట్రేషన్ అయిన రెండో నెలలో రెండు పోర్షన్లు ఒకేసారి ఖాళీ అయ్యాయి. తర్వాత కిరాణా కొట్టాయన నవ్వుతూ చెప్పాడు, వాళ్లు పాత ఓనర్ బామ్మర్ది మనుషులని. అమ్మకానికి పెట్టేముందు తెచ్చి కూర్చోబెట్టాడన్నమాట. ఆ రెండు పోర్షన్లు మళ్లీ నిండడానికి నాలుగు నెలలు పట్టింది, అది కూడా వెయ్యి రూపాయలు తగ్గిస్తే.

అప్పట్నుంచి నేను ఓనర్ మాట వింటాను గానీ లెక్కలోకి తీసుకోను. కిరాయి అగ్రిమెంట్లు చూపిస్తామంటారు. పదకొండు నెలల అగ్రిమెంట్ అంటే స్టాంపు పేపరు మీద ఇద్దరు పెట్టుకున్న సంతకాలే, ఏ అంకె కావాలంటే ఆ అంకె రాసుకోవచ్చు. ఓనర్ ఖాతాలోకి పోయిన ఏడాదంతా ఎవరు ఎంత వేశారో బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. ఇప్పుడు కిరాయిలు దాదాపు అన్నీ ఫోన్‌లోనే కడుతున్నారు కాబట్టి నెలనెలా కనపడాలి. "మేం క్యాష్ తీసుకుంటామండీ" అంటే సరే అనండి, అని కరెంటు మీటర్ల దగ్గరికి వెళ్లండి.

కొత్తగా కొనేవాళ్లు ఎవరూ చూడనిది ఈ మీటర్ బోర్డే. మొదట మీటర్లు లెక్కపెట్టండి. ఏడు ఇళ్లకు ఏడు, మోటారుకు ఒకటి, మొత్తం ఎనిమిది ఉండాలి. నాలుగో ఐదో ఉంటే మిగతావాటికి లోపల సబ్‌మీటర్లు పెట్టి ఓనరే యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తున్నాడని అర్థం. ఇది మామూలు విషయం కాదు. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది, కిరాయికి ఉన్నవాళ్లకు కూడా. కానీ విడి మీటరు ఉంటేనే. మీరు చూసిన సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లలో దిగేవాళ్లు ఎక్కువగా అలాంటి కుటుంబాలే. విడి మీటరు లేని ఇంట్లో దిగడం కంటే పక్క గల్లీలో ఐదొందలు ఎక్కువిచ్చి దిగుతారు, వాళ్లకు అదే లాభం.

తర్వాత ప్రతి మీటరుకూ పోయిన పన్నెండు నెలల బిల్లులు అడగండి. మనుషులున్న ఇంట్లో ఎంత పొదుపుగా వాడినా నెలకు 60, 70 యూనిట్లు కాలుతుంది. ఏదైనా మీటరు మీద వరసగా మూడు నెలలు సున్నాకి దగ్గరగా ఉంటే ఆ పోర్షన్ ఖాళీగా ఉన్నట్టే. ఓనర్ "ఎప్పుడూ ఖాళీ ఉండదు" అని చెప్పే మాటను నేను ఈ బిల్లులతో సరిచూస్తాను. మనుషులు మొహమాటానికి అబద్ధం చెప్తారు, మీటరుకు మొహమాటం ఉండదు.

పెంట్‌హౌస్ సంగతి. దాని కిరాయి 6 వేలు, మిగతా ఆరు తలా 8,500 అని రాశారు. ఆ 6 వేలను లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. ప్లాన్‌లో లేని కట్టడం అది. బ్యాంకు వాల్యూయర్ దానికి విలువ కట్టడు, రేపు నోటీసు వస్తే మొదట పోయేది అదే. వచ్చినన్నాళ్లు వచ్చిన డబ్బును మందుల ఖర్చుకో పండగ ఖర్చుకో వాడుకోండి గానీ దానికి ధర మాత్రం కట్టొద్దు. నెలకు 6 వేల కిరాయిని చూపించి ఓనర్ ఇంటి ధరలో 15 లక్షలు కలిపేసుకుంటాడు, బేరం ఆడేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ఇక అసలు లెక్క. ఆరు పోర్షన్లు, 8,500 చొప్పున నెలకు 51 వేలు, ఏడాదికి 6 లక్షల 12 వేలు. సింగిల్ బెడ్‌రూమ్‌లో కుటుంబాలు ఎక్కువ కాలం ఉండవు. పిల్ల పుడితేనో, అమ్మానాన్నలు వస్తేనో పెద్దింటికి మారతారు. ఏడాదికి ఆరింట్లో మూడు మారతాయనుకోండి. పాతవాళ్లు వెళ్లి, సున్నం వేసి, టులెట్ బోర్డు పెట్టి, కొత్తవాళ్లు పాలు పొంగించేసరికి నెలన్నర. మూడింటికీ కలిపి 38 వేలు. మారినప్పుడల్లా రంగులకు, చిన్న రిపేర్లకు 7 వేల చొప్పున 21 వేలు. ఇంటి పన్ను 12 వేలు. మోటారు, మెట్ల లైట్ల కరెంటు 18 వేలు. ఎండాకాలం ట్యాంకర్లకు 18 వేలు. మెట్లు, వాకిలి ఊడ్చే ఆమెకు నెలకు 2 వేలు, అంటే 24 వేలు. ప్లంబరు, డ్రైనేజీ జామ్, మోటారు కాలిపోవడం లాంటివి 25 వేలు. చివరిది అందరూ మర్చిపోయేది: స్లాబు లీకేజీ, బయట రంగులు, పైపులైన్లు మార్చడం. ఇవి ఏటా రావు, వచ్చినప్పుడు లక్షల్లో వస్తాయి. ఏడాదికి 40 వేలు పక్కన పెట్టాలి. పదిహేనేళ్ల ఇల్లు కాబట్టి నేనైతే అంతకంటే తగ్గించను. అన్నీ కలిపితే లక్షా 96 వేలు. చేతికొచ్చేది 4 లక్షల 16 వేలు.

పెట్టుబడి కూడా కోటీ 60 దగ్గర ఆగదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం. మొత్తం ధర మీద రిజిస్టర్ చేసుకుంటే 12 లక్షలు. బ్రోకర్‌కు లక్షా 60 వేలు, లాయరు, రాతకోతలు 40 వేలు, దిగగానే చేయించాల్సిన పనులకు 4 లక్షలు. మొత్తం కోటీ 78 లక్షలు. దాని మీద 4 లక్షల 16 వేలంటే 2.3 శాతం. మీరు అనుకున్న 4.3లో దాదాపు సగం.

ఇదే పద్ధతిలో ఫ్లాటు చూడండి. ఏడాదికి 2 లక్షల 40 వేలు. మెయింటెనెన్స్ కిరాయిదారే కడతాడు. రెండేళ్లకోసారి మారతారు, ఖాళీ, రంగులు, పన్ను, రిపేర్లు అన్నీ కలిపి ఏడాదికి 36 వేలు దాటదు. రిజిస్ట్రేషన్‌తో సహా పెట్టుబడి 74 లక్షల 50 వేలు అవుతుంది. మిగిలేది 2.7 శాతం. చూశారా, చేతికొచ్చే డబ్బు చూస్తే ఫ్లాటే ముందుంది. ఓనర్లు చెప్పే కిరాయికీ చేతికి మిగిలేదానికీ మధ్య తేడా పోర్షన్లలోనే ఎక్కువ, ఎందుకంటే ఆరు వంటగదులు, ఆరు బాత్‌రూమ్‌లు, ఆరు కుటుంబాల రాకపోకలు.

లోన్ దగ్గర ఇంకా గట్టిగా తగులుతుంది. కోటి రూపాయలు, ఇరవై ఏళ్లు, వడ్డీ 8.5 శాతం అనుకుంటే ఈఎంఐ దాదాపు 86,800. ఇంటి మీద నెలకు మిగిలేది 34,600. తేడా 52 వేలు మీ జీతంలోంచి, నెలనెలా. ఇద్దరు కిరాయిదారులు ఒకేసారి ఖాళీ చేసిన నెలలో 69 వేలు. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే నడుస్తుంది, ఒకరి ఉద్యోగం పోతే టెన్షన్ మొదలవుతుంది. ఇంకో మెలిక ఉంది. 75 లక్షలు దాటిన హోమ్‌లోన్‌కు ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన, ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చు కలవదు. అంటే బ్యాంకు వాల్యూయర్ ఆ ఇంటికి కోటీ 34 లక్షలన్నా కట్టాలి, లేకపోతే మీకు కోటి రాదు. పెంట్‌హౌస్ తీసేసి, పాత కట్టడానికి తరుగు వేస్తే అతను ఎంత రాస్తాడో ముందే తెలుసుకోండి. బయానా ఇచ్చేశాక లోన్ తగ్గిందని తెలిస్తే ఆ బయానా పోయినట్టే.

పన్నులో ఏదో కలిసొస్తుందని ఎవరైనా చెప్తే నమ్మేముందు మీరు ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కడుతున్నారా, కొత్త పద్ధతిలోనా చూసుకోండి. కిరాయిలోంచి కట్టిన ఇంటి పన్ను, మిగిలినదాంట్లో 30 శాతం, లోన్ వడ్డీ తీసేస్తారు. మీకు మొదటి ఏడాది వడ్డీయే 8 లక్షలు దాటుతుంది కాబట్టి కిరాయి మీద పన్ను పడదు, అంతవరకే మేలు. మిగిలిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కొత్త పద్ధతిలో కుదరదు, పాత పద్ధతిలో 2 లక్షల దాకా కుదురుతుంది. రంగులకు, ట్యాంకర్లకు బిల్లులు దాచిపెట్టి లాభం లేదు, ఆ 30 శాతంలోనే అన్నీ.

ఇదంతా చదివి ఇల్లు వద్దనే అంటున్నానని అనుకోకండి. మీరు అక్కడ కొంటున్నది ప్రధానంగా 150 గజాల నేల. కిరాయి దాని మీద వచ్చే చిల్లర ఖర్చులకు సాయం. మీ జేబులోంచి పోయే ఆ 52 వేలు ఆ నేల మీద మీరు కడుతున్న చీటీ అనుకోండి. అలా అనుకుంటే అడగాల్సిన ప్రశ్న మారుతుంది: ఆ నేలకు సరైన ధరే ఇస్తున్నానా?

దానికి నేను చేసేది ఇది. అదే కాలనీలో ఈ మధ్య అమ్ముడుపోయిన ఖాళీ ప్లాట్లు రెండు మూడు వెతుకుతాను. బ్రోకర్ చెప్పే రేటు వద్దు, కొన్నవాళ్లని అడగాలి. కొత్తగా పునాదులు తీస్తున్న ఇంటి దగ్గర నిలబడి మేస్త్రీతో మాట కలిపితే ఓనర్ ఎంతకు కొన్నాడో బయటపడుతుంది. గజం 70 వేలు అని తేలిందనుకుందాం. నేల కోటీ 5 లక్షలు. కట్టడం ఫ్లోరుకు 900 చొప్పున 2,700 చదరపు అడుగులు, ఇప్పుడు అలాంటిది కట్టడానికి అడుగుకు 1,900 వేసుకుంటే 51 లక్షలు. ఇంటి ఆయుష్షు యాభై ఏళ్లనుకుంటే పదిహేనేళ్లు వాడేశారు, ముప్ఫై శాతం తీసేయాలి, మిగిలేది 36 లక్షలు. మొత్తం కోటీ 41 లక్షలు. నేనైతే కోటీ 40 దాటను. ఆ ధరకు దొరికితే చేతికొచ్చేది కూడా 2.7 శాతం దాకా పెరిగి ఫ్లాటుతో సమానమవుతుంది, నేల అదనం. ఫ్లాటులో మీ వాటాకు 40 గజాలు వస్తే గొప్ప. కోటీ 60కి మాత్రం ఓనర్ లాభమంతా ముందే తీసేసుకుంటున్నాడు.

బేరంలో ఇంకొకటి: కిరాయిదారుల అడ్వాన్సులు. రెండు నెలల చొప్పున ఏడు ఇళ్లకు లక్షా 14 వేలు ఓనర్ దగ్గరున్నాయి. వాళ్లు ఖాళీ చేసేటప్పుడు మిమ్మల్నే అడుగుతారు. సేల్ అగ్రిమెంట్‌లోనే పేరుపేరునా రాయించి ధరలోంచి తగ్గించుకోండి. అలాగే ధరలో 1 శాతం టీడీఎస్, అంటే ఓనర్ పేరు మీద పోయే పన్ను, మీరే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఓనర్ విదేశాల్లో ఉన్నాడంటే ఆ శాతం చాలా ఎక్కువ, అప్పుడు ఆడిటర్‌ని అడగకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

కాగితాల విషయంలో బోడుప్పల్‌కు ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. అక్కడ కొన్ని సర్వే నంబర్లలో వక్ఫ్ భూమి అని రిజిస్ట్రేషన్లు ఆగి, ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి తిరిగిన కథలు ఆ వైపు ఎవరినడిగినా చెప్తారు. కాబట్టి ఇంటి అందం చూడకముందే సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో చూడండి. ఇల్లు కట్టిన 2011 నాటికి అది గ్రామ పంచాయతీ. అప్పటి పర్మిషన్ కాగితంలో ఎన్ని ఫ్లోర్లకు అనుమతి ఉందో చదవండి, "పర్మిషన్ ఉంది" అనే మాట చాలదు. లేఔట్ కాగితాలు లేకపోతే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఔట్‌ను క్రమబద్ధం చేసే ఫీజు) కట్టారా అని అడగండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల జాబితా), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు) ఎలాగూ లాయరు చూస్తాడు. దగ్గర్లో చెరువు ఉంటే హెచ్ఎండీఏ పెట్టిన మ్యాపుల్లో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడుందో చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని జాగా. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఆ గీతకు ఇవతల ఇల్లు, అవతల ఇల్లు ఒకే ధరకు పోవడం లేదు.

కిరాయికి ఎవరొస్తారన్నది కూడా వీధిని బట్టి ఉంటుంది. అటువైపు కిరాయిదారులు మూడు రకాలు: ఉప్పల్, నాచారం, చర్లపల్లి కంపెనీల్లో పనిచేసేవాళ్లు, పోచారం ఐటీ క్యాంపస్ వైపు వెళ్లేవాళ్లు, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి నగరంలోకి పోయేవాళ్లు. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగాయి, ఆ దుమ్ములో మెయిన్‌రోడ్డుకు దగ్గరున్న ఇళ్లకే కిరాయి పెరగలేదు. మీరు చూసిన ఇంటి నుంచి బస్టాపుకు నడిచి ఎన్ని నిమిషాలో, రాత్రి తొమ్మిదింటికి ఆ దారిలో లైట్లు ఉంటాయో లేదో నడిచి చూడండి. సెకండ్ షిఫ్టు నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ దారిని బట్టే ఇల్లు ఎంచుకుంటారు.

మధ్యలో ఎవరో ఇల్లు మొత్తం హాస్టల్‌కు తీసుకుని 60 వేలు ఇస్తామన్నారని రాశారు. వద్దు. మీరు దూరంగా ఉండి చూడలేరు, మూడేళ్లలో బాత్‌రూమ్‌లు మళ్లీ కట్టించుకోవాల్సి వస్తుంది.

దూరం గురించి మీరు అడగలేదు గానీ నాకు అదే పెద్ద విషయంగా కనిపిస్తోంది. మియాపూర్ నుంచి బోడుప్పల్ అంటే నగరం ఆ చివర నుంచి ఈ చివరకి. మెట్రోలో అమీర్‌పేటలో మారి ఉప్పల్‌లో దిగి ఆటో ఎక్కాలి. కుళాయి లీకైతే, పైపోర్షన్ వాళ్లు నీళ్లు వదిలేశారని కింది వాళ్లు ఫోన్ చేస్తే మీరు రావడానికి పూట పడుతుంది. నా నాచారం ఇంట్లో కింది పోర్షన్‌లో ఉండే ఒక కుటుంబానికి నెలకు వెయ్యి కిరాయి తగ్గించి ఈ పనులన్నీ వాళ్లకే అప్పజెప్పాను. ఆమె మోటారు వేస్తుంది, మెట్లు ఊడ్పిస్తుంది, టులెట్ చూడడానికి వచ్చినవాళ్లకు తాళం తీస్తుంది. పదకొండేళ్లుగా అదే కుటుంబం. మీకు అలాంటి మనిషి ఆ ఇంట్లో ఇప్పుడున్నవాళ్లలో దొరుకుతుందేమో చూడండి, దొరకకపోతే నా లెక్కలో ఇంకో 30 వేలు ఖర్చు కలుపుకోండి.

ఈ ఆదివారం ఓనర్‌కు చెప్పకుండా సాయంత్రం ఆరింటికి ఒకసారి వెళ్లండి. బోర్డు చూసి ఇల్లు కిరాయికి అడగడానికి వచ్చినట్టు వెళ్లి, ఉన్నవాళ్లతో మాట్లాడండి. నీళ్లు రోజూ వస్తాయా, వానాకాలం వాకిట్లో నీళ్లు నిలుస్తాయా, ఇంతకు ముందున్నవాళ్లు ఎందుకు ఖాళీ చేశారు అని అడగండి. కొనడానికి వచ్చినవాడికి చెప్పనివి కిరాయికి వచ్చినవాడికి చెప్తారు. ఆ జవాబులు, ఎనిమిది మీటర్ల పన్నెండు నెలల బిల్లులు ఇక్కడ రాయండి. అంకెలు మారితే లెక్క మళ్లీ వేద్దాం.